ఆసుపత్రి మనది, అడగవలసిందీ మనమే

(వాడిపట్టి శాఖ సర్వసభ్య సమావేశంలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం. రాత్రి షిఫ్టులో ఉండి సభకు రాలేకపోయిన సభ్యులు కోరినందువల్ల పూర్తిగా అచ్చువేస్తున్నాము.)



ఈరోజు ఎజెండాలో బోనస్ ఉంది, కొత్త మెషిన్ల మీద పెంచిన పనిభారం ఉంది. వాటి గురించి అధ్యక్షులు మాట్లాడతారు. నాకు అప్పగించినది ఆసుపత్రుల విషయం. నేను డాక్టరును కాను. పదో తరగతి చదివి, పద్దెనిమిదో ఏట మిల్లులో చేరి, కార్డింగ్‌లో మూడేళ్లు, రింగ్ ఫ్రేమ్‌లో పంతొమ్మిదేళ్లు పని చేసినవాణ్ణి. అందువల్ల మిల్లు సంగతితోనే మొదలుపెడతాను.

తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీకి మన మిల్లు నూలు పోయిందనుకోండి. నేసిన గుడ్డలో గీత పడింది. వాళ్లు కోన్ లోపలి టిక్కెట్టు తీసి ఫోన్ చేస్తారు. ఏ కౌంటు, ఏ లాటు, ఏ తేదీ, ఏ షిఫ్టు, అంతా అందులో ఉంటుంది. గంట తిరక్కముందే మేస్త్రీ మన సైడు దగ్గరికి వచ్చి నిలబడతాడు. ఆ రోజు ఎవరు డ్యూటీ, ఏ ఫ్రేమ్, ఏ మిక్సింగ్ పత్తి, అన్నీ బయటికి వస్తాయి. ఆ లాటులో మిగిలిన కోన్లను గోడౌన్‌లోనే ఆపేస్తారు. మనకు మెమో వస్తుంది. మెమో న్యాయమా అన్యాయమా అన్నది వేరే గొడవ. కాని కిలో నూలులో తప్పు దొరికితే దాని కబురు ముందుకూ వెనక్కూ పోవడానికి మిల్లులో ఒక దారి ఉంది. నూలుకు ఉన్న ఆ దారి మనిషి రక్తానికి లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

సాత్తూరులో జరిగినది

2018 చివర్లో విరుదునగర్ జిల్లా సాత్తూరులో జరిగినది మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. సాత్తూరు మనకు దూరం కాదు. మదురైలో కోవిల్‌పట్టి బస్సెక్కితే దారిలోనే వస్తుంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మన భాష మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఈ సభలో కూర్చున్నవాళ్లకు అక్కడ వియ్యాలవారు కూడా ఉన్నారు.

ఒక గర్భిణికి రక్తం తక్కువగా ఉందని డాక్టర్లు చెప్పినారు. డిసెంబర్ 3న సాత్తూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆమెకు రక్తం ఎక్కించినారు. ఆ సంచి శివకాశి ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు నుండి వచ్చింది. దానం చేసిన ప్రతి సంచినీ ఐదింటికి పరీక్ష చేయాలని మన దేశంలో నియమం ఉంది. హెచ్.ఐ.వి., రెండు రకాల కామెర్లు, సవాయి రోగం, మలేరియా. పరీక్షలో నిలిచిన సంచినే రోగికి ఇవ్వాలి. ఆ సంచి వాడవచ్చునని బయటికి వచ్చింది. అందులో హెచ్.ఐ.వి. ఉంది.

ఆ రక్తం ఇచ్చినవాడు ఒక పడుచు కుర్రాడు. బంధువుకు అవసరమని నవంబర్ 30న పోయి ఇచ్చినాడు. తర్వాత పైదేశం ఉద్యోగానికి వైద్య పరీక్ష చేయించుకుంటే తనకు ఆ వ్యాధి ఉన్నట్టు తేలింది. అంత పెద్ద దెబ్బ తగిలిన మనిషి ఏం చేస్తాడు? తలుపు వేసుకుని ఇంట్లో కూర్చుంటాడు. ఎవరికీ చెప్పుకోడు. కాని ఆ కుర్రాడు బ్లడ్ బ్యాంకుకు కబురు చేర్చినాడు. తన రక్తం ఎవరికీ వాడవద్దని చెప్పినాడు. అప్పటికే వాడేసినారు.

దీనికంటె బాధ కలిగించే సంగతి విచారణలో బయటపడింది. 2016లోనే అతను ఒక శిబిరంలో రక్తం ఇచ్చినాడు. ఆ రక్తంలో వ్యాధి ఉందని అప్పుడే పరీక్షలో కనిపించింది. ఆ సంచిని వాడలేదు. అంతవరకు సరే. కాని సంచి ఇచ్చిన మనిషికి మాత్రం ఆ కబురు చేరలేదు. రెండేళ్లు మందు లేకుండా, తనకేముందో తెలియకుండా తిరిగినాడు. తెలిసి ఉంటే మందు తీసుకునేవాడు. 2018లో రక్తం ఇచ్చేవాడే కాదు.

ఆ తర్వాతి సంగతి మీకు తెలుసు. జరిగినదానికి కుమిలి, తన ప్రాణం తానే తీసుకోబోయినాడు. డిసెంబర్ 30న మదురై రాజాజీ పెద్దాసుపత్రిలో కన్నుమూసినాడు. ఆ తల్లికి 2019 జనవరిలో అదే మదురై ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. బిడ్డకు వ్యాధి సోకలేదని పరీక్షలు చెప్పినాయి. అదొక్కటే మనకు ఊరట. ఆమెకు 25 లక్షల రూపాయలు పరిహారం ఇవ్వాలని మదురై హైకోర్టు బెంచి 2019లో ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఇక్కడ ఒక మాట. హెచ్.ఐ.వి. పక్కన నిలబడి పని చేస్తే అంటదు, ఒకే చెంబు నీళ్లు తాగితే అంటదు. ఆ వ్యాధి ఉన్నదని పనిలోంచి తీసేయకూడదని 2017లో చట్టం చేసి 2018 సెప్టెంబర్ నుండి అమలుకు తెచ్చినారు. మన మిల్లుల్లో ఎవరి గురించి అయినా అలాంటి గుసగుస వినిపిస్తే, అక్కడే ఆపవలసిన బాధ్యత మీది. గుసగుసలు మనుషులను చంపుతాయి.

తప్పు ఒక్కరిదేనా?

సాత్తూరు విషయం పేపర్లలో పడగానే బ్లడ్ బ్యాంకు సిబ్బంది మీద చర్య తీసుకున్నారు. పరీక్ష సరిగా చేయని మనిషికి శిక్ష ఉండాలి. దాన్ని నేను కాదనను. కాని 2016లో కబురు ఎక్కడ ఆగిపోయింది? ఒక ల్యాబులో కాగితం మీద ఫలితం రాసినారు. రాసినవాడు తన పని అయిపోయిందనుకున్నాడు. దాన్ని ఫైలులో పెట్టినవాడు తన పని అయిపోయిందనుకున్నాడు. ఆ మనిషిని వెతికి, కూర్చోబెట్టి, భయపెట్టకుండా చెప్పి, మందు దగ్గరికి చేర్చే పని ఒకటి మిగిలింది. అది చివరిదాకా జరిగిందా అని చూసేవాడు లేకపోయినాడు. ఆసుపత్రులు చెడిపోయేది ఎక్కువగా ఇలాగే. దొంగలు చొరబడి కాదు, ఎవరి వంతు పని వాళ్లు చేసి ఇంటికి పోవడం వల్ల.

మన మదురై సంగతే చూడండి. 2019 మే 7న సాయంత్రం గాలివాన వచ్చి రాజాజీ ఆసుపత్రిలో కరెంటు పోయింది. వెంటనే అందుకోవలసిన జనరేటరు అందుకోలేదు. వెంటిలేటర్ మీద ఉన్న రోగులు చనిపోయినారు. మొదట ముగ్గురు అన్నారు, తర్వాత ఐదుగురు అన్నారు. కరెంటు పోవడం వల్లనే ప్రాణాలు పోయినాయని బంధువులు అన్నారు. వెంటిలేటర్లకు బ్యాటరీ ఉంది, వాళ్లు ముందే అపాయంలో ఉన్నవాళ్లు అని ఆసుపత్రి అన్నది. ఆ వాదనను నేను ఇక్కడ తేల్చలేను. మిల్లు మనిషిగా ఒక్కటి అడుగుతాను. మన మిల్లులో జనరేటరును వారానికోసారి లోడు వేసి నడిపి చూస్తారా లేదా? చూసినవాడు లాగ్ బుక్కులో సంతకం పెడతాడా లేదా? నూలు తెగకుండా చూసుకునే మిల్లుకు ఉన్న జాగ్రత్త ఊపిరి తెగకుండా చూసుకునే చోట కూడా ఉండాలి. ఆ లాగ్ బుక్కు చూపించమని అడిగే హక్కు ఊళ్లో ఎవరికో ఒకరికి ఉండాలి.

ఇది మన దేశంలోనే జరిగేది అనుకోకండి. ఇంగ్లండులో స్టాఫర్డ్ అనే ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2005 నుండి 2009 వరకు అక్కడ రోగులను ఎంత నిర్లక్ష్యంగా చూసినారో తర్వాత విచారణలో తేలింది. దాహానికి నీళ్లిచ్చేవాళ్లు లేరు, పక్క గుడ్డ మార్చేవాళ్లు లేరు. కారణం ఏమిటి? ఆసుపత్రి పెద్దలు కొత్త హోదా కోసం ఖర్చు తగ్గించే పనిలో పడినారు. నర్సులను తగ్గించినారు. పైవాళ్లు చూసింది లెక్కల కాగితాలు. కాగితాల్లో అంతా బాగున్నది. జూలీ బెయిలీ అనే ఆమె 2007లో ఆ ఆసుపత్రిలో తల్లిని పోగొట్టుకున్నది. ఆమె కాఫీ కొట్టు నడుపుకునే మనిషి. తనలాంటి బంధువులను కూడగట్టి సంఘం పెట్టింది. ఎంతమంది విసుక్కున్నా వదల్లేదు. చివరికి రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే న్యాయవాది నడిపిన బహిరంగ విచారణ నివేదిక 2013 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. 290 సిఫారసులు. ఆ తర్వాత 2014 నవంబర్ నుండి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులకు ఒక నియమం పెట్టినారు. వైద్యంలో పొరపాటు జరిగి రోగికి హాని అయితే, రోగికో బంధువుకో ఆసుపత్రే ముందుగా నిజం చెప్పాలి, క్షమాపణ అడగాలి. దాచితే చట్టప్రకారం నేరం. ఆ నియమం రావడానికి కారణం మొదట లేచిన ఒక కాఫీ కొట్టు ఆమె.

ఇ.ఎస్.ఐ. ఎవరి సొమ్ము?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఇ.ఎస్.ఐ. గురించి మాట్లాడేటప్పుడు మనలో చాలామంది, సర్కారు ఉచితంగా ఇచ్చేది, ఎలా ఉంటే ఏం అంటారు. ఆ మాట ఎవరూ అనకూడదు. 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూగారు పథకం ప్రారంభించినారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మొదట ఎక్కడ వచ్చిందో తెలుసా? 1955 జనవరి 23న కోయంబత్తూరులో. మన తాతలు, తండ్రులు పని చేసిన పత్తి మిల్లుల ఊరు అది. వాళ్ల కూలీలోంచి కోసిన డబ్బుతో నిలిచిన ఆసుపత్రులివి.

ఇప్పటి లెక్క చెబుతాను. 2019 జూలై నుండి మన వంతు జీతంలో నూటికి 75 పైసలు. యజమాని వంతు నూటికి మూడు రూపాయల పాతిక పైసలు. పదిహేను వేలు జీతం ఉన్నవాడి పేరున నెలకు ఆరువందల రూపాయలు కడుతున్నారు. అందులో 112 రూపాయల యాభై పైసలు నేరుగా మన చేతి నుండి. మిగిలింది కూడా మన చెమట మీద వచ్చినదే. మిల్లులో వెయ్యి మంది ఉంటే నెలకు ఆరు లక్షలు. ఇది ధర్మం కాదు, మనం ముందుగా కట్టిన వెల.

మరి ఆ సొమ్ముతో నడిచే ఆసుపత్రికి యజమాని ఎవరు? ఇక్కడే చిక్కు ఉంది. డబ్బు కేంద్రం కిందున్న కార్పొరేషన్‌ది. చాలా ఆసుపత్రులను, డిస్పెన్సరీలను నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. చాలాకాలం ఖర్చులో రూపాయికి పద్నాలుగణాలు కార్పొరేషన్, రెండణాలు రాష్ట్రం పెట్టే లెక్క నడిచింది. మందు లేదంటే రాష్ట్రం వాళ్లు కార్పొరేషన్‌ను చూపిస్తారు, కార్పొరేషన్ వాళ్లు రాష్ట్రాన్ని చూపిస్తారు. ఇద్దరు కోడళ్లున్న ఇంట్లో అత్తకు అన్నం పెట్టేదెవరో తేలనట్టు మనం మధ్యలో కూర్చుంటాము.

ఆ సందులోనే దొంగ కూడా దూరతాడు. హైదరాబాదులో ఇ.ఎస్.ఐ. వైద్యసేవల శాఖకు మందులు కొన్న వ్యవహారంలో 2019 సెప్టెంబరులో ఏ.సి.బి. వాళ్లు ఆ శాఖ డైరెక్టరునూ మరికొందరినీ అరెస్టు చేసినారు. అవసరం లేని మందులకు ఇండెంట్లు పుట్టించి, టెండరు లేకుండా, ఎక్కువ ధరలకు కొన్నారని ఆరోపణ. 2021లో ఆ కేసులో 144 కోట్ల రూపాయల ఆస్తులు జప్తు చేసినట్టు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ప్రకటించింది. ఎవరు దోషులన్నది కోర్టులు తేల్చాలి. మనం గమనించవలసింది ఇది. ఇండెంటు కింది డిస్పెన్సరీ నుండి పైకి పోవాలి. స్టోర్సులో ఒకరు లెక్క చూడాలి, బిల్లు దగ్గర ఇంకొకరు చూడాలి. అన్ని బల్లల మీదుగా కాగితం పోయింది. ఆ బల్లల దగ్గర మంచివాళ్లు కూడా ఉండే ఉంటారు. మనకెందుకు అనుకుని ఉంటారు. అదే రోజుల్లో డిస్పెన్సరీ కిటికీ దగ్గర మనలాంటి కార్మికుడు, మందు లేదు, బయట కొనుక్కో అనే మాట విని తిరిగిపోయి ఉంటాడు.

నా సంతకం సంగతి

ఇంతసేపు ఊళ్ల వాళ్ల తప్పులు చెప్పినాను. ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించినాను. చెప్పకపోతే ఇంతవరకు మాట్లాడినదానికి అర్థం లేదు.

పదిహేనేళ్ల కిందటి మాట. ఒక ఆసుపత్రి కమిటీలో కార్మికుల తరఫున నన్ను కూర్చోబెట్టినారు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. మూడు నెలలకొకసారి మీటింగు. టీ, బిస్కెట్టు, ఏసీ గది. మిల్లు మనిషిని డాక్టర్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి సార్ అన్నారు. నాకూ కొంచెం గొప్పగానే అనిపించింది. చివర్లో ఒక ఫారం వచ్చేది. ఎన్ని ప్రసవాలు, ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని వృత్తి రోగాలు. పత్తి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల రోగం, బైసినోసిస్ అంటారు, దానికి ఎదురుగా ప్రతిసారీ సున్నా. నేను ప్రతిసారీ కింద సంతకం పెట్టినాను.

అదే సమయంలో మన సభ్యురాలు ఒక అక్క బ్లో రూమ్ పక్కన, తర్వాత కార్డింగ్‌లో పని చేసేది. వారం సెలవు తర్వాత మొదటి రోజు షిఫ్టుకు వస్తే ఎద బిగపట్టేది. బుధ, గురువారాలకు కొంచెం సర్దుకునేది. మళ్లీ సోమవారం అదే. మనమంతా దాన్ని సోమవారం దగ్గు అని ఎగతాళి చేసేవాళ్లం. అక్క డిస్పెన్సరీకి పోయేది. వాళ్లు దగ్గు మందు ఇచ్చేవాళ్లు. ఓ.పి. చీటీ మీద పేరు, వయసు, ఇన్సూరెన్సు నెంబరు రాసేవాళ్లు. నువ్వు ఏ డిపార్ట్‌మెంట్, ఎన్నేళ్లుగా, ఏ రోజు ఎక్కువగా వస్తుంది అని ఆ చీటీలో అడిగే గడే లేదు. డాక్టరు అడగలేదు. గంటలో ఎనభై మందిని చూడవలసిన డాక్టరు ఎక్కడ అడుగుతాడు? ఆమె చెప్పలేదు. చెప్పాలని ఆమెకు ఎవరు నేర్పినారు? నేను నేర్పలేదు.

చివరికి మెట్లు ఎక్కలేని స్థితి వచ్చి మిల్లు మానేసింది. కొన్నేళ్ల తర్వాత కొడుకు ఆమెను వేరే చోటికి తీసుకుపోతే ఊపిరి పరీక్ష చేసి, ఇది పత్తి ధూళి వల్ల వచ్చినది, చాలా ఆలస్యమైంది అన్నారు. బైసినోసిస్ చట్టంలో వృత్తి రోగంగా ఉంది. మెడికల్ బోర్డు ఒప్పుకుంటే అంగవైకల్యపు భత్యం వస్తుంది. కాగితాల కోసం కొడుకు నా దగ్గరికే వచ్చినాడు. పాత చీటీలన్నీ వెతికినాము. అన్నిట్లోనూ దగ్గు అనే ఉంది. ఒక్కదానిలో కూడా పత్తి అనే మాట లేదు.

ఆ అక్కను చూడడానికి పోయినాను. మంచంలో దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, తమ్ముడూ, కమిటీలో నువ్వే కదా ఉన్నావు, మా దగ్గుల గురించి అక్కడ ఏమనుకున్నారు అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. సున్నా అని రాసినారు, నేను సంతకం పెట్టినాను అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏదో చెప్పి వచ్చేసినాను. ఆమె ఇప్పుడు లేదు. ఆ జవాబు ఈరోజు మీ ముందు చెబుతున్నాను.

అక్కడ లంచం లేదు. ఆ డాక్టరు చెడ్డవాడు కాదు. క్లర్కు తన దగ్గరికి వచ్చిన అంకె వేసినాడు. నేను వేసిన అంకె కింద సంతకం పెట్టినాను. పత్తి మిల్లుల మధ్యనున్న ఆసుపత్రిలో పత్తి రోగం సున్నా ఎలా అవుతుందని ఆ గదిలో అందరికంటె ముందు అడగవలసినవాణ్ణి నేను. కార్డింగ్‌లో మూడేళ్లు ఆ ధూళి మింగినవాణ్ణి. కుర్చీ పోతుందనో, చదువుకున్నవాళ్ల ముందు తప్పు మాట్లాడతాననో నోరు మూసుకున్నాను. సాత్తూరు కుర్రాడు తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా కబురు చెప్పినాడు. నేను ఏసీ గదిలో కూర్చుని చెప్పలేదు.

మనం చేయవలసినవి

ఆసుపత్రి నీతి అంటే డాక్టర్ల నీతి ఒక్కటే కాదు. తెలిసిన కబురును, దానితో అవసరం ఉన్న మనిషికి సమయానికి చేర్చడం అందరి నీతి. అందులో సంఘం వంతు ఏమిటో కమిటీలో చర్చించి కొన్ని నిర్ణయాలు మీ ముందు పెడుతున్నాము.

మొదటిది. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. ఫలానా మిల్లు, ఫలానా డిపార్ట్‌మెంట్, ఇన్నేళ్లు, ఫలానా రోజున ఎక్కువ. దాన్ని చీటీలో రాయమని మర్యాదగా అడగండి. రాసిన చీటీని పారేయకండి. రేషన్ కార్డు పెట్టే చోటే పెట్టుకోండి.

రెండవది. మందు లేదంటే ఏ మందు లేదో, ఏ తేదీన లేదో రాసుకుని సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఒక్కరు అరిస్తే కిటికీ మూస్తారు. నలభై మంది చీటీలు తేదీలతో ఉంటే 2005 సమాచార హక్కు చట్టం కింద స్టాకు లెక్క అడుగుతాము. అప్పుడు ఎవరూ ఇంకొకరి వైపు వేలు చూపించలేరు.

మూడవది. ఆసుపత్రి కమిటీలో సంఘం తరఫున కూర్చునే ఎవరైనా, వచ్చే సర్వసభ్య సమావేశంలో అక్కడ ఏమి అడిగినారో, ఏమి జవాబు వచ్చిందో నిలబడి చెప్పాలి. చదవని కాగితం మీద సంతకం పెట్టరాదు. ఒప్పుకోని అంకె ఉంటే పక్కన తన మాట రాసి సంతకం పెట్టాలి. రెండుసార్లు చెప్పకపోతే కుర్చీ మార్చాలి. ఈ నియమం నాతోనే మొదలుపెట్టండి.

నాల్గవది. కాంట్రాక్టు కింద వచ్చిన పిల్లలు, హాస్టల్లో ఉండే ఆడపిల్లలు, వీళ్లలో ఎవరికి ఇ.ఎస్.ఐ. నెంబరు లేదో డిపార్ట్‌మెంట్ వారీగా పేర్లు ఇవ్వండి. సభ్యులు కాదు కదా అనకండి. వాళ్లు పీల్చేది మనం పీల్చిన ధూళే.

ఐదవది. కోపం వచ్చినా ఆసుపత్రిలో నర్సు మీద, ఆయా మీద చెయ్యెత్తకండి, నోరు పారేసుకోకండి. రాత్రి షిఫ్టులో వార్డు నిండా రోగుల మధ్య ఒక్కతే నిలబడే నర్సు కూడా మనలాంటి కార్మికురాలే. పది ఫ్రేములు ఒక్కరి మీద పెడితే నూలు తెగుతుందని మనం మిల్లులో అంటాము. అక్కడా అదే మాట అనాలి. పొరపాటు జరిగితే భయం లేకుండా పైకి చెప్పగలిగే నర్సు ఉన్న చోటే రోగి బతుకుతాడు. ఆమెను మనం భయపెడితే ఆమె దాస్తుంది. దాస్తే నష్టం మనకే.

చివరిగా ఒక పని వచ్చే సోమవారమే మొదలుపెడుతున్నాము. గేటు దగ్గర మన సంఘం బల్ల వేసి ఒక పుస్తకం పెడతాము. సెలవు తర్వాత మొదటి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు ఎవరికి ఎద బిగపట్టిందో, ఎవరికి ఊపిరి ఆడలేదో వాళ్లు పేరు, డిపార్ట్‌మెంట్ రాయాలి. రాయడం రానివాళ్లకు యువకులు రాసిపెట్టాలి. ఆరు నెలలు అలా రాసి, ఊపిరి పరీక్షకు పంపమని పేర్లతో సహా ఆసుపత్రికి ఇస్తాము. ఆ పుస్తకం ఎదురుగా ఉండగా సున్నా అని రాయడం అంత సులభం కాదు.

పేరు రాస్తే మేనేజ్‌మెంటు పని మార్చేస్తుందేమోనని కొందరికి భయం ఉంటుంది. ఆ భయం ఉత్తది అని నేననను. ఒక్కరి పేరే ఉంటే ఏమైనా చేస్తారు. పేజీ నిండా ఉంటే ఏం చేస్తారు? అందుకే పుస్తకంలో మొదటి వరుసలో నా పేరు నేనే రాసి ఇక్కడికి తెచ్చినాను. కార్డింగ్ మూడేళ్లు, రింగ్ ఫ్రేమ్ పంతొమ్మిదేళ్లు, మెట్లెక్కితే ఆయాసం. ఇది ఇప్పుడు మీ మధ్యకు పంపుతున్నాను. సభ ముగిసేలోపల రెండో వరుస ఎవరు రాస్తారో చూస్తాను.